మూడు మిద్దెలు, ఒక అబద్ధం

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. నేను కడప జిల్లా వెళ్లింది ఒక ఆనపకాయ వల్ల. ఆ ఆనపకాయ నాది కాదు.

మాది నరసాపురం. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయడమే నా వృత్తి. అలాంటిదాన్ని, మిద్దెల మీద కూరగాయలు పండించేవాళ్ల ఫోన్ గ్రూపు ఒకటి ఉందంటే అందులో చేరాను. మా డాబా మీద నాలుగు కుండీలు ఉన్నాయి. ఒకదాంట్లో తులసి, మిగతా మూడింట్లో మట్టి. చేరిన వారానికి పక్కింటివాళ్ల ఆనపపాదు పిట్టగోడ దాటి వచ్చి చేయంత కాయను మావైపు వేలాడేసింది. ఫొటో తీసి, "ఈరోజు మా డాబా మీద" అని రాసి పెట్టాను. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కాయ నిజంగానే మా డాబా మీదే ఉంది.

గంటలో గ్రూపంతా దండాలు పెట్టింది. "అక్కా, ఎరువేం వేశారు?" అని ఎవరో అడిగారు. అక్కడ ఆగాల్సింది. "గొర్రెల ఎరువు. ఎంత వేస్తే అంత మంచిది," అని రాశాను. అప్పటికి నేను గొర్రెను దగ్గరగా చూసి పదేళ్లయింది.

ఆ తర్వాత వెనక్కి రావడం కుదరలేదు. రైతుబజారులో కొన్న వంకాయలు చేటలో పేర్చి, నీళ్లు చిలకరించి, "నేటి కోత" అని పెట్టేదాన్ని. ఒకరు చెప్పిన చిట్కాను నెల తర్వాత ఇంకొకరికి నాదిగా చెప్పేదాన్ని. అందరూ నన్ను గోదావరక్క అనడం మొదలుపెట్టారు. సుభద్ర అనే నా అసలు పేరు నాకే కొత్తగా వినిపించేది.

శ్రావణమాసంలో ఒక ఉదయం పులివెందుల నుంచి లక్ష్మీదేవి అనే ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేస్తాండా. వంగచెట్ల ఆకు ఏనుగు చెవంత ఉండాది. కాయ మాత్రం ఒగటీ ల్యా. చెనక్కాయలు పీకే లోపల కాయ సూపీకపోతే మిద్దె నాకిచ్చేయమంటాంది మా అత్త. మేత ఏసుకుంటాదంట. ఒకసారి వచ్చి సూడక్కా."

"అయ్యో, తప్పకుండా వస్తానమ్మా," అన్నాను.

మా వైపు ఈ మాటకు పెద్ద అర్థం ఉండదు. మర్యాదకు అంటాం, అవతలివాళ్లూ మర్యాదకే వింటారు. కడప జిల్లాలో అలా కాదని ఆ సాయంత్రమే తెలిసింది. లక్ష్మీదేవి గ్రూపులో చాటింపు వేసేసింది. ప్రొద్దుటూరు నుంచి నూర్జహాన్, జమ్మలమడుగు నుంచి దేవదానం మాస్టారు, "మా ఇంటికీ రావాల" అన్నారు. నేను ఏ రోజు ఎవరింట్లో భోంచేయాలో కూడా వాళ్లే నిర్ణయించేశారు.

సంచిలో రెండు చీరలు, ఒక కొబ్బరికాయల మూట, గుండెల్లో రాయి వేసుకుని బయల్దేరాను.

ప్రొద్దుటూరు: టబ్బు కింద

ప్రొద్దుటూరు గురించి నాకు తెలిసింది బంగారం ఒక్కటే. వెళ్లి చూస్తే అది నిజమే. ఒక్కో వీధిలో దుకాణాలు భుజాలు రాసుకుంటూ కూర్చున్నాయి. ఒక ఆమె చిన్న పెట్టెలో గొలుసు వేయించుకుని పది నిమిషాల్లో బయటికొచ్చింది. ఆమే ఆ పక్క బండి దగ్గర కొత్తిమీర కట్ట కోసం పావుగంట పోట్లాడింది. ఆ పావుగంటా నేను ఎదురు హోటల్లో కారం దోశ తింటూ చూశాను. దోశ నలభై రూపాయలు. లోపల ఎర్రటి వెల్లుల్లికారం, పైన పప్పులపొడి. మా వైపు కారం అంటే నాలుక మీద ఆగుతుంది. ఇది చెవుల దాకా వెళ్లి అక్కడ కూర్చుంది.

నూర్జహాన్ ఇల్లు బంగారపు వీధి వెనక సందులో ఉంది. ఆమె బట్టలు కుడుతుంది. ఇంట్లో ఆమె, ఆమె ఆడబిడ్డ షకీలా. ఇద్దరూ నన్ను ఆప్యాయంగానే పలకరించారు కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని మంచినీళ్లు తాగేలోపే అర్థమైంది. "నీళ్లిమ్మని చెప్పండక్కా ఆమెకు," అని ఒకామె, "ఇచ్చినానని చెప్పండి," అని రెండో ఆమె. మధ్యలో నేను దుబాసీని.

మిద్దె ఎక్కాం. అంత చిన్న జాగాలో అన్ని మొక్కలు నేనెక్కడా చూడలేదు. పాత బిర్యానీ డేగిసాల అడుగున చిల్లులు కొట్టి పుదీనా, పగిలిన వాష్‌బేసిన్‌లో గోంగూర, రంగుడబ్బాల్లో మిరప. చేపలు వచ్చే తెల్ల థర్మోకోల్ పెట్టెల్లో మెంతికూర. నాలుగు చుక్కల నీళ్లు కూడా వృథా కాకుండా ఒక డేగిసా కింద ఇంకో చిప్ప పెట్టి ఉంది. నా మూడు మట్టికుండీలు గుర్తొచ్చి సిగ్గేసింది.

నూర్జహాన్ నన్ను మూలనున్న సిమెంటు టబ్బు దగ్గరికి తీసుకెళ్లింది. అందులో టమాటా మొక్క ఆకులు ముడుచుకుని పిడికిళ్లలా ఉన్నాయి.

"ఏంటికక్కా ఇట్లయింది?"

"పుల్లమజ్జిగ చల్లారా?"

"సల్లినా."

"వేపనూనె?"

"కొట్టినా. నువ్వే చెప్తివి గదా, రెండూ సేసినా."

నా దగ్గరున్న వైద్యం అంతటితో అయిపోయింది. నూర్జహాన్ చూస్తోంది. షకీలా కూడా, మెట్ల దగ్గర నిలబడి. నేను కళ్లు మూసుకుని, చెయ్యి ఆకు మీద పెట్టి, "ఈ మొక్కకు ఈ చోటు గిట్టలేదు. జరపండి," అన్నాను. ఎటు అని అడుగుతారని భయపడ్డాను. అడగలేదు.

టబ్బు ఇద్దరివల్ల కాలేదు. షకీలా కూడా వచ్చి పట్టింది. ముగ్గురం కలిసి అడుగు దూరం ఈడ్చాం. తడి సిమెంటు మీద ఏదో చిన్నగా మెరిసింది.

"యా అల్లా," అంది షకీలా. వంగి తీసింది. అది నూర్జహాన్ ముక్కుపుడక. రెండు నెలలుగా కనపడటం లేదట. నోటితో ఎవరూ ఏమీ అనలేదు కానీ, పోయిన రోజు ఇంట్లో ఉన్నది తానొక్కతే కాబట్టి నూర్జహాన్ తనను అనుమానిస్తోందని షకీలాకు, తాను అనుమానిస్తున్నట్టు షకీలాకు తెలిసిపోయిందని నూర్జహాన్‌కు తెలుసు. ఆ రెండు నెలల మౌనం ఆ టబ్బు కిందే ఉంది.

నూర్జహాన్ ముక్కుపుడక చేతిలోకి తీసుకోలేదు. షకీలా చెయ్యే పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఉర్దూలో ఒకరినొకరు తిట్టుకున్నారు. అది రాజీ అని భాష రాకపోయినా తెలిసింది. ఆ మధ్యాహ్నం నా కంచంలో ఇద్దరూ రెండువైపుల నుంచి అన్నం వడ్డించారు.

అంతా బాగానే ఉంది. కానీ సాయంత్రానికి నూర్జహాన్ గ్రూపులో ఇలా పెట్టింది: "మా గోదావరక్క మొక్కను ముట్టుకుంటే దాని కింద ఏముండాదో చెప్తాది."

టమాటా మాత్రం బతకలేదని తర్వాత తెలిసింది. దాని గురించి ఎవరూ అడగలేదు.

జమ్మలమడుగు: ఆడపువ్వు ఏది?

జమ్మలమడుగు దారిలో కంచెలు చూసి ముచ్చటపడ్డాను. మా వైపు కంచె అంటే తాటాకో ముళ్లతీగో. ఇక్కడ నిలువెత్తు నాపరాళ్లు వరుసగా పాతేశారు, చేనుకు పళ్లు వచ్చినట్టు. పెన్నలో నీళ్లు ఒక పక్కగా, ఇసుక తక్కిన అంతటా. గోదావరి పక్కన పుట్టినదానికి ఏటిలో ఇంత చోటు ఖాళీగా ఉండటం వింతగా అనిపించింది.

దేవదానం మాస్టారు ముప్పైయేళ్లకు పైగా సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆయన తాతలు మిషన్ రోజుల్లో క్రైస్తవంలోకి వచ్చారట. ఇల్లు మాత్రం అంతకన్నా పాతది, మట్టిమిద్దె. దూలాల మీద బండలు, బండల మీద మూరెడు చౌడుమట్టి. ఆ మట్టి వాన నీటిని లోపలికి దిగనివ్వదట. పైకప్పులో అక్కడక్కడా వెలుతురు కోసం వదిలిన జానెడు కన్నాలున్నాయి. వాటిని గవాచ్చి అంటారు.

"చెప్పులు కింద వదిలిరామ్మా," అన్నారు మాస్టారు. మిద్దె పెనంలా కాలుతుందని నేను వినిపించుకోలేదు.

ఆయన తోటంతా గోడల వెంబడే ఉంది. "బరువంతా గోడ మీద, దూలం మీద పెట్టాల. నడుమ పెడితే మిద్దె కుంగుతాది. మట్టిలో నేరుగా నాటితే ఏర్లు దిగి ఉరుస్తాది," అన్నారు. తొట్లలో బీర, కాకర, చిక్కుడు. ఒక బీరతీగ చాలా తెలివైనది. గవాచ్చిలోంచి కిందికి దిగి, వంటింట్లో పొయ్యికి రెండడుగుల పైన కాయ కాసింది. ఆయన భార్య రూతమ్మగారు కూర్చున్నచోటు నుంచి లేవకుండా చెయ్యి చాచి కోసుకుంటారట. ఆ కాయను పైనుంచి చూద్దామని వంగాను. కాలు జారింది. నేను నిలదొక్కుకున్నాను కానీ నా కుడిచెప్పు గవాచ్చిలోంచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కింద నుంచి రూతమ్మగారి గొంతు వినిపించింది. "ఏమండీ, ఈసారి బీరకాయ కాకుండా చెప్పు కాసినాదే!"

పిండి కలుపుతున్న తట్టకు బెత్తెడు పక్కన పడిందట. మాస్టారు నవ్వు ఆపుకోవడానికి తీగ వైపు తిరిగారు. తిరిగి, మామూలుగా అడిగినట్టే అడిగారు.

"అమ్మా, మీరు పెద్ద అనుభవస్తులు. ఈ రెండు పువ్వుల్లో ఆడపువ్వు ఏది?"

రెండూ పచ్చగా, ఒకేలా ఉన్నాయి. ఒకటి కాస్త పెద్దగా విచ్చుకుని ఠీవిగా ఉంది. అదే మగది అనుకుని, రెండోది చూపించాను.

"అది మగది," అన్నారాయన నెమ్మదిగా. "ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ఉంటాది. ఆరో తరగతి పిల్లోళ్లు కూడా చెప్తారు."

నా చెవులు కాలాయి. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"లక్ష్మీదేవి నా దగ్గర సదువుకున్న పిల్ల. గొర్రెలెరువు తగ్గించమ్మా, ఆకు పెరిగి కాయ రాదు అని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పినా. గోదావరక్క ఎంత ఏస్తే అంత మంచిదనింది సార్ అనింది. ఆ అక్కను సూడాలని అప్పట్నుంచి అనుకుంటాండా."

నేను పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. అంతా చెప్పేశాను. పక్కింటి పాదు, రైతుబజారు, చేట, నీళ్లు చిలకరించడం, అన్నీ. ఆయన తిట్టలేదు. పిల్లవాడి జవాబుపత్రం దిద్దేటప్పటిలా తల ఊపుతూ విన్నారు.

"నాకు చెప్తే లాభమేముంది? ఆ పిల్లకు చెప్పండి. ఆ మిద్దె తప్ప తన సొంతమనేది ఆ ఇంట్లో ఇంకేమీ లేదు."

భోజనానికి కూర్చున్నాం. బీరకాయ పచ్చడి, చెనక్కాయల పొడి, పప్పు. రూతమ్మగారు కళ్లు మూసుకున్నారు. మాస్టారు ప్రార్థన మొదలుపెట్టారు. అన్నం కోసం, వాన కోసం, పాత విద్యార్థుల కోసం. ఆఖరున గొంతు పెంచి, "ప్రభువా, మా ఇంటికొచ్చిన ఈ చెల్లెలికి రేపు పులివెందులలో నోరు తెరిచే ధైర్యం ఇవ్వు," అన్నారు.

ఆమెన్ చెప్పి రూతమ్మగారు ఒక కన్ను తెరిచారు. "ఆమె నోటికేమైంది? బాగానే మాట్లాడతాంది గదా?"

"కారం ఎక్కువైంది," అన్నారు మాస్టారు.

పులివెందుల: స్వాగతం

బస్సులో ముద్దనూరు దాటినప్పటి నుంచి మాటలు కూర్చుకున్నాను. దస్తావేజుల భాషే నోటికొస్తోంది. 'నేను నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకొనునదేమనగా' అని మొదలైంది. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

లక్ష్మీదేవి బస్టాండులోనే ఎదురొచ్చింది. సన్నగా, నల్లగా, నవ్వితే ముఖమంతా నవ్వే మనిషి. ముప్పైయేళ్లు ఉండొచ్చు. ఇల్లు ఊరి చివర. వాళ్లది తరాలుగా గొర్రెలు కాసే కుటుంబం. ఆమె భర్త మందను తోలుకుని లింగాల వైపు మేతకు వెళ్లాడు. ఇంట్లో ఆమె, అత్త ఓబులమ్మ, పాల కోసం అయిదు మేకలు.

ఓబులమ్మ అరుగు మీద కూర్చుని నన్ను పైనుంచి కింది దాకా, సంతలో పశువును చూసినట్టు చూసింది.

"ఈమేనా కాయ కాయించేది?"

"అవునత్తా. గోదావరి జిల్లాలో శానా పేరు."

"ఏం కాసింది ఆమె మిద్దె మీద?"

"ఆనపకాయ. ఇంత!" లక్ష్మీదేవి మోచేతి దాకా చూపించింది.

"అనపకాయ ఇంతదా? గింజలు ఉడకేసుకునే అనపకాయా? యాడైనా కాస్తాదా!"

వాళ్ల అనపకాయ చిక్కుడులాంటిది, మా ఆనపకాయ వాళ్లకు సొరకాయ. ఈ చిక్కు విప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఓబులమ్మకు నమ్మకం కలగలేదు. నిజానికి ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచిస్తున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం నాకోసం నాటుకోడి కోశారు. వేడి రాగిసంగటి ముద్ద, దాని నడుమ గుంట, గుంటలో పులుసు. సంగటిని నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు గుమ్మంలో నిలబడి గోదావరక్క సంగటి నమలడం చూసి పొట్టలు పట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్య ఒప్పుకోలు ఎలా చెప్పను? పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

పులివెందుల: తడిక

పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, ఇంటి పక్క మెట్ల ద్వారా మిద్దె ఎక్కాను. మెట్ల మొదట్లో అడ్డంగా వెదురు తడిక ఒకటి ఉంది. తెరుచుకుని వెళ్లాను.

పైనంతా తోటే. ముప్పైకి పైగా వంగమొక్కలు, నా భుజం దాకా. ఆకులు నిజంగానే ఏనుగు చెవుల్లా ఉన్నాయి. వెతికితే ఒక్క పిందె కూడా లేదు. అంచున చిక్కుడుపందిరి, టమాటాలు, కొత్తిమీర. ప్రతి తొట్టి చుట్టూ ముగ్గుపిండితో గీత. ఒక్క ఎండాకు కింద పడి లేదు. నేను సరదాకు రాసిన ఒక్క వాక్యానికి ఈమె ఇన్నినెలలు నీళ్లు మోసింది.

వంగమొక్కల ముందు నిలబడి, పైకే చెప్పి అభ్యాసం చేశాను. "లక్ష్మీదేవీ, నాకు వ్యవసాయం రాదు." బాగానే వచ్చింది. ఇంకోసారి చెప్పాను. అంతలో కింద నుంచి కాఫీకి పిలిచారు. దిగి వచ్చేశాను.

ఉగ్గాని చేశారు. నానబెట్టిన బొరుగులు (మా మరమరాలే), పప్పులపొడి, పక్కన మిరపకాయ బజ్జీలు. ఒక కంచం అయ్యాక చెబుదామనుకున్నాను. రెండో కంచం పెట్టారు. అది అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పుడు ఓబులమ్మ తల పైకెత్తింది.

"మిద్దె మీద ఎవురు నడుస్తాండారు?"

అందరం బయటికి పరుగెత్తాం. పిట్టగోడ మీంచి ఒక మేక మమ్మల్ని చూస్తోంది. నోట్లో చిక్కుడుతీగ, చివర ఊదాపువ్వు. తాపీగా నములుతోంది.

పైకి వెళ్లేసరికి పెళ్లిభోజనం చివరి పంక్తి నడుస్తోంది. చిక్కుడుపందిరి కూలిపోయింది. కొత్తిమీర జాడ లేదు. టమాటాలు లేవు. మిరపమొక్కల్ని ఒక్కొక్కదాన్నీ రుచి చూసి వదిలేశాయి. వంగమొక్కలన్నీ మోకాలెత్తు పుల్లలైపోయాయి.

లక్ష్మీదేవి ఏడవలేదు. కింద కూర్చుని, మిగిలిన ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. కాసేపటికి తలెత్తి అత్త వైపు చూసింది.

"తడిక ఎవురు తెరిచినారు?"

ఓబులమ్మ మేకల వైపు చూసింది, కోడలి వైపు చూసింది. మిద్దె కావాలన్నది ఆమె. మేకలు ఆమెవి. ఎవరు చూసినా ఆమే చేసిందనుకుంటారు. నిన్నటి నుంచి దేనికీ తడబడని ఆ ముసలామె మొహంలో, తాను చేయని పనికి దొరికిపోయిన మనిషి బెదురు కనిపించింది. నేను నోరు మూసుకుంటే చాలు. మధ్యాహ్నం బస్సుకు, పరువుతో సహా ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒక్క నిమిషం అలా ఆలోచించానని కూడా ఇక్కడ రాస్తున్నాను.

"నేనే," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"తడిక నేనే వేయడం మరిచిపోయాను. అదొక్కటే కాదు. నాకు వ్యవసాయం రాదు లక్ష్మీదేవీ. ఆ ఆనపకాయ పక్కింటివాళ్లది. వంకాయలు రైతుబజారువి. ఎరువు సంగతి నోటికొచ్చింది చెప్పాను. నీ చెట్లు కాయకపోవడానికి కారణం నేను."

మేక ఒకటి తుమ్మింది.

"నేను నిన్ననే అనుకుంటి," అంది ఓబులమ్మ, కొంగు దులుపుకుని. "అనపకాయ అంత లావు యాడ కాస్తాదీ అని."

లక్ష్మీదేవి లేచింది. "మా సార్ రెండుసార్లు చెప్తే ఇనల్యా నేను. నీ మాటే ఇన్నా," అంది. ఇంకేమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

నేను కింద సంచి సర్దుకుని బయటికొచ్చాను. గుమ్మంలో ఓబులమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"యాడికి పోతాండావు?"

"ఇంక నా ముఖం చూడదమ్మా ఆమె."

"నీ మొగం సూసేదానికి ఎవురికి తీరిక ఉండాది? పైన పెంటంతా ఎవురెత్తుతారు? సంచి ఆడ పెట్టు, గంప పట్టుకో."

ఇంకా రెండు రోజులు

ఒక్కరోజు అనుకుని వెళ్లినదాన్ని మరో రెండు రోజులు ఉన్నాను. ఫోన్లో దేవదానం మాస్టారు పాఠం చెప్పారు. వంగమొక్కల్ని పీకొద్దు, వేరు బతికే ఉంటుంది. మేక కొరికిన చోట చీలికలుంటాయి కాబట్టి జానెడెత్తున ఏటవాలుగా కత్తిరించి, కోత మీద పేడ పూయాలి. తొట్టిలో ఎరువు సగం తీసేసి ఎర్రమట్టి, ఇసుక కలపాలి. పైమట్టి ఆరితేనే నీళ్లు పోయాలి.

"మీ గోదావరక్క అక్కడే ఉందా?" అని ఆఖరున అడిగారు.

"ఉండాది సార్. గంపలు మోస్తాంది," అంది లక్ష్మీదేవి. అటునుంచి ఆయన నవ్వు నాదాకా వినిపించింది.

మెట్లు ఇరవై రెండు. ఎరువు దించడం, మట్టి ఎక్కించడం. దస్తావేజులు రాసే చేతులకు మొదటి పూటే బొబ్బలొచ్చాయి. ఓబులమ్మ అరుగు మీంచి పురమాయించేది. "గంప నడుమ మీద పెట్టుకోవాల, కొత్త కోడలి మాదిరి ముందుకు పట్టుకుంటే ఎట్ల?" ఇరుగుపొరుగు ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. సంగటి నమలడం కన్నా ఇది ఇంకా బాగుందన్నారు. ఒకామె తొండూరు నుంచి వచ్చిన తన చెల్లెల్ని కూడా తీసుకొచ్చి నన్ను చూపించింది.

లక్ష్మీదేవి మొదటిరోజంతా నాతో మాట్లాడలేదు. రెండోరోజు నేను కత్తెరతో వంగకొమ్మను నలిపేస్తుంటే చూడలేక వచ్చి, నా వేళ్లు సర్ది, "ఇట్ల పట్టుకో," అంది. కాసేపటికి, "కొమ్మకు సిగురొచ్చే కన్ను ఉంటాది సూడు, దానికి పైన కొయ్యాల," అంది. నాకు నిజంగా తోటపని వచ్చింది ఆ రెండు వాక్యాలతోనే.

నేను బయల్దేరేటప్పుడు ఆమె బస్టాండు దాకా వచ్చింది. లింగాల తోటల చీనీకాయలు సంచి నిండా ఇచ్చింది. మా వైపు బత్తాయి అంటాం. ఇక్కడివి తొక్క పలచన, తీపి ఎక్కువ.

"నీ మీద కోపం పోల్యా," అంది. "ఇవి దారిలో తిను."

నరసాపురం

రైల్లో కూర్చుని గ్రూపులో అంతా రాశాను. ఈసారి ఏ వాక్యంలోనూ లొసుగు లేకుండా రాశాను.  ముందు ఒకామె గ్రూపు వదిలి వెళ్లిపోయింది. "ఎట్లయినా ముక్కుపుడక దొరికింది గదక్కా," అని నూర్జహాన్ పెట్టింది. ఆ వెనకే తణుకు నుంచి ఒక పెద్దమనిషి, తన క్యాబేజీలు కూడా మార్కెట్టువేనని ఒప్పుకున్నారు. సాయంత్రానికి మరో ఇద్దరు తేలారు.

నా మూడు కుండీల్లో ఇప్పుడు మూడు వంగమొక్కలున్నాయి. ఒకదానికి పువ్వొచ్చి రాలిపోయింది. మాస్టారికి ఫొటో పంపి అడిగి, నీళ్లు తగ్గించాను.

నెలన్నర తర్వాత లక్ష్మీదేవి ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు. "కాసినాయి," అంది. కోసిన చోటల్లా నాలుగైదు కొత్త కొమ్మలొచ్చి, కొమ్మ కొమ్మకూ పిందెలట. నాలుగు మొక్కలు మాత్రం తిరిగి లేవలేదు. చిక్కుడు మళ్లీ మొదటి నుంచి వేయాలి. చెనక్కాయలు పీకడం అయింది, మేత ఈసారి పక్కింటి మిద్దె ఎక్కింది. ఆ పక్కింటివాళ్లను ఒప్పించింది ఓబులమ్మేనట.

ఓబులమ్మ ఇప్పుడు గ్రూపులో ఉంది. రాయడం రాదు కాబట్టి మాట్లాడి పంపుతుంది. వంగ కాసింది తన మేకల వల్లేనని ఆమె నమ్మకం. అందులో కాదనడానికి ఏమీ లేదని మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఎవరు ఏ మొక్క గురించి అడిగినా ఆమె ముందు పలుకుతుంది. మొన్న గుంటూరు నుంచి ఒకాయన, తన వంగమొక్కలు ఏపుగా పెరిగాయి కానీ కాయడం లేదని బాధపడ్డాడు.

"మేకను తోలు," అని ఓబులమ్మ గొంతు వచ్చింది.

ఆయన మర్యాదగా జవాబు రాశాడు. తమది అపార్ట్‌మెంటని, అయిదో అంతస్తని, చుట్టుపక్కల మేకలు దొరకవని, ఇంకేదైనా మార్గం చెప్పమని. లక్ష్మీదేవి చదివి వినిపించినట్టుంది. కాసేపటికి ఓబులమ్మ మళ్లీ పలికింది.

"మేక ల్యాకపోతే నువ్వే ఎక్కి మెయ్యప్పా."